మూడంగుళాలకో ముడి

వెల్డింగ్ మేస్త్రి పోయి ఐదు నెలలైంది. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు, ఒక్క లెక్కల మాస్టారికి తప్ప. ఆయనకు తెలియకుండా కాపాడుకొస్తున్నవాడు బోల్టు.

బోల్టు కార్ల మెకానిక్. సన్నటి ఒంటిమీద పెద్ద తల ఉండటంతో ఆ పేరు వచ్చింది. పెట్టినవాణ్ణి తప్పుపట్టడానికి లేదు. సోమవారం పొద్దున పాత దుప్పటిలో ఏదో చుట్టి, చంటిబిడ్డను మోసినట్టు రెండు చేతులమీదా మోసుకొచ్చి మేస్త్రి ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రి భార్య తలుపు పూర్తిగా తీసేలోపే లోపలికి దూరి, తిన్నగా వెళ్ళి వంటింటి బల్లమీద దించేశాడు.

"అది నేను కూరగాయలు తరుక్కునే బల్ల," అందామె.

"దీన్నీ తరగాల్సిందే వదినా," అంటూ దుప్పటి విప్పాడు.

లోపల ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్. ఇంజను గాలి పీల్చుకునే భాగం అది. ఒక పొడుగాటి అల్యూమినియం పెట్టె, దాని కింద నాలుగు వంపు గొట్టాలు, ఒక చివర గుండ్రటి నోరు. నూనె జిడ్డు పట్టి, ఏళ్ళ తరబడి తోమని బాణలిలా ఉంది.

"మాస్టారి చిన్న కారుకి పెద్ద ఇంజను వేస్తున్నాం. ఇంజను కూర్చుంది. ఇదే కూర్చోనంటోంది. నోరేమో వెనకవైపుంది, అక్కడ రేకు గోడ అడ్డం. పోనీ బోనెట్ వేద్దామంటే ఈ పెట్టె ఒకటిన్నర అంగుళం పైకి పొడుచుకొస్తోంది. నోరు కోసి ముందువైపు పెట్టాలి. పెట్టెను పొడుగునా కోసి, ఎత్తు తగ్గించి, మళ్ళీ అతకాలి."

"ఎవరు?"

బోల్టు పైకప్పు వైపు చూశాడు. "మేస్త్రి."

ఆమె స్టవ్ మీద పాలు పొంగబోతుంటే మంట తగ్గించింది. తగ్గించాక కూడా అటే చూస్తూ ఉండిపోయింది.

"మాస్టారికి ఇంకా చెప్పలేదా నువ్వు?"

"ఎలా చెప్పమంటారు? రెండేళ్ళ కింద ఆయన పాత కారుకి అతుకు ఇక్కడే కదా వేయించాం. ఇంజను కొనేముందే తెగేసి చెప్పాడు, అతుకు మేస్త్రి వేస్తేనే, లేకపోతే ఈ బేరమే వద్దని. ఒంట్లో బాగాలేదు, బయటికి రావట్లేదు, పని మాత్రం చేస్తున్నాడు అన్నాను. అందులో అబద్ధం ఎంతుంది చెప్పండి? బయటికి రావట్లేదు. అదైతే నిజమే కదా."

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినందుకు కోపమొచ్చింది. రెండూ కలిపి మింగేసి, మ్యానిఫోల్డును తిరగేసి వేలితో గొట్టాల లోపల తడిమింది. వేలు నల్లగా బయటికొచ్చింది.

చివరి నాలుగేళ్ళూ మేస్త్రి పేరున ఈ ఇంట్లోంచి బయటికెళ్ళిన పనంతా ఎవరి చేతిదో తెలిసినవాళ్ళు ముగ్గురే. మేస్త్రి పోయాడు. ఆమె ఉంది. మూడోవాడు బోల్టు; ఓసారి చెప్పకుండా షెడ్డులోకి వచ్చి, మేస్త్రి స్టూలు మీద కూర్చుని ఉండటమూ, నల్లద్దం టోపీ కింద చీర కుచ్చిళ్ళు కనిపించడమూ చూశాడు. ఎవరికీ చెప్పలేదు. తనకూ లాభమే కనుక చెప్పలేదనుకున్నా, చెప్పకపోవడం చెప్పకపోవడమే.

"అతుకుమీద ముడి మాత్రం మరచిపోకండి వదినా," అన్నాడు బోల్టు గుమ్మం దాటుతూ. "మూడంగుళాలకొకటి. ముడి లేకపోతే మేస్త్రి పనని ఎవడూ ఒప్పుకోడు."

"ఇదయ్యాక?"

"ఇదయ్యాక ఇంకోటి. ఒంట్లో బాగాలేకుండానే మేస్త్రిని ఇంకో పదేళ్ళు నడిపించొచ్చు."

కాదనాలి. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "శనివారం పట్టుకొస్తాను," అంది.

షెడ్డు ఇంటి వెనకే. రేకుల కప్పు, ఒక కిటికీ, సిమెంటు గచ్చు. ఐదు నెలల్లో ఆమె అక్కడికి వెళ్ళింది రెండుసార్లు, అదీ బట్టల తాడు కోసం. సోమవారం మధ్యాహ్నం తలుపు తోస్తే అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. గ్యాస్ సిలిండరు, వెల్డింగ్ మెషిన్, దాని కాలి పెడల్, గోడకు నల్లద్దం టోపీ, నిలబడి పనిచేసే చోటికి వెనక మూడడుగుల దూరంలో స్టూలు. స్టూలు మీద దుమ్ము లేదు. ఎందుకు లేదో ఆలోచించదలచుకోలేదు. పిల్లులు పడుకుంటాయేమో అనుకుని, అలా అనుకున్నందుకు కాస్త స్థిమితపడింది.

ఆ పూటంతా కోతే. మ్యానిఫోల్డును ఒక పాత ఇంజను తలకాయకు బోల్టులతో బిగించింది. వేడికి మెలితిరగకుండా ఉండాలంటే అలా కట్టిపడేయాలి. పెట్టె చుట్టూ సూదిమొనతో గీత గీసి, ఒకటిన్నర అంగుళం కిందుగా ఇంకో గీత గీసి, రంపం పట్టింది. గ్రైండరైతే పది నిమిషాల్లో కోస్తుంది గానీ, ఆ పొడి గొట్టాల్లోకి దూరి ఎక్కడ దాక్కుంటుందో తెలియదు. ఒక్క రవ్వ మిగిలినా ఇంజను దాన్ని పీల్చుకుని తన గొంతు తనే కోసుకుంటుంది. అందుకని రంపం, ఓపిక, గొట్టాలకు గుడ్డల కుక్కు. నోటిని మొదలంటా కోసి తీసి, ఆ చోట మూతవేయడానికి రేకు కత్తిరించింది. ఎదుటి చివర అదే కొలతకు కంత తీసింది.

మంగళవారం జిడ్డు వదిలించడం. వేడినీళ్ళు, సబ్బు, స్టీలు బ్రష్షు, మళ్ళీ వేడినీళ్ళు. ఎంత తోమినా పాత లోహం లోపల నూనె దాచుకుంటుంది. వేడి తగిలినప్పుడే కక్కుతుంది. వంటింట్లో గ్యాస్ స్టవ్ మీద పెట్టి కాచింది.

మధ్యగదిలో కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు ముక్కు ఎగబీల్చింది. ఆవిడకు చూపు ఆనదు. ముక్కూ చెవులూ మాత్రం ఆ లోటు వడ్డీతో సహా తీరుస్తాయి.

"ఏం వండుతున్నావే? కమురు కంపు."

"మ్యానిఫోల్డు, అత్తయ్యా."

"ఉప్పు చూసి వెయ్యి," అంది అత్తగారు.

నీటిచుక్క చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోయింది. చేతులకు మందపాటి గుడ్డ చుట్టుకుని షెడ్డులోకి పట్టుకెళ్ళింది. మళ్ళీ ఇంజను తలకాయకు బిగించి, కోసిన రెండు ముక్కలనూ ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టింది. గోడమీది టోపీ తీసింది. దాని పట్టీ మేస్త్రి తలకు సరిపోయేట్టు బిగించి ఉంది. నాలుగేళ్ళుగా ఆమె దాన్ని మార్చలేదు. నుదుటికీ పట్టీకీ మధ్య ఒక జేబురుమాలు మడిచి పెట్టుకుంటుంది. ఆ జేబురుమాలు కూడా ఆయనదే.

పెడల్ మీద కాలు వేసింది. కుట్టుమిషను తొక్కిన కాలది. ఎంత నొక్కితే ఎంత మంటో ఆ కాలికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. నల్లద్దంలో పచ్చటి వెలుగు పుట్టింది. దాని కింద లోహం మెత్తబడి, అద్దంలా మెరిసే చిన్న గుంట అయింది. ఎడమచేత్తో తీగ అందించింది. చుక్క, జరుపు, చుక్క, జరుపు. ఒక అంగుళం. రెండు. మూడు.

ఆపింది.

ఆపగానే టోపీలో కటికచీకటి. ఆ చీకట్లో, వీపు వెనక మూడడుగుల దూరంలో, ఎవరో ఊపిరి బిగబట్టి దగ్గును ఆపుకుంటున్న చప్పుడు.

ఆమె తిరగలేదు. తిరిగితే స్టూలు ఉంటుంది, అంతే. నాలుగేళ్ళూ ఇలాగే ఆపేది. ఆయన వెనక కూర్చుని దగ్గేవాడు, ఆమె ఆగేది, మళ్ళీ మొదలుపెట్టేది. అసలు ఆ ముడి ఆయనదే. చేతులు వణకకముందు ఆయనే పని చేసే రోజుల్లో, మూడంగుళాలు నడిచేసరికి దగ్గు ముంచుకొచ్చి వెల్డింగ్ టార్చి ఎత్తేసేవాడు. అక్కడో బొడిపె పడేది. చూసినవాళ్ళు అదేదో మేస్త్రి ముద్ర అనుకున్నారు. చేతులు మారిన సంగతి పైకి తెలియకూడదని ఆమె ఆ బొడిపెను కూడా నేర్చుకుంది. దగ్గులేని మనిషి దగ్గు కోసం ఆగడం నేర్చుకుంది.

చీకట్లో కాసేపు నిలబడి, పెడల్ నొక్కింది. మూడంగుళాలు. ఆపింది. మళ్ళీ ఆ చప్పుడు. ఎవరితోనూ ఒప్పుకోదుగానీ, ఆమె ముడి కోసమే ఎదురుచూస్తూ నడిపింది ఆ సాయంత్రం. పెట్టె చుట్టూ పన్నెండు ముడులు పడ్డాయి. పన్నెండుసార్లు ఆయన ఉన్నాడు.

బుధవారం నీళ్ళ పరీక్ష. నాలుగు గొట్టాలకూ రబ్బరు ముక్కలు పెట్టి పట్టీలతో బిగించింది. కొత్తగా అతికిన నోటికి మూతవేసి, ఆ మూతకు సైకిల్ ట్యూబు వాల్వు దిగ్గొట్టింది. బట్టలు నానబెట్టే తొట్టిలో మొత్తం ముంచి, పంపుతో గాలి కొట్టింది. నీళ్ళు తేటపడ్డాక వంగి చూసింది.

అతుకంతా బాగుంది. ముడుల దగ్గరే బుడగలు. సన్నగా, వరసగా, తీరిగ్గా. ఒక్కో ముడిలోంచి ఒక్కో దారం పైకి లేస్తున్నట్టు. పన్నెండుకు తొమ్మిది కారుతున్నాయి.

పాత లోహం, లోపల నూనె. ఆగినచోట కరుగు చల్లబడుతూ ముడుచుకుని, నడుమ సూదిబెజ్జం మిగులుస్తోంది. ఇంజను ఆ బెజ్జంలోంచి దొంగగాలి పీలుస్తుంది. కుదురుగా తిరగదు, వణుకుతుంది. ఈ పెట్టెను ఇలా పంపడానికి లేదు.

తొమ్మిదింటినీ అరగదీసింది. ఆరబెట్టి, కాచి, అతుకంతా మొదటినుంచి మళ్ళీ వేసింది. ఈసారి ఆగకుండా పోదామనే మొదలుపెట్టింది. మూడో అంగుళం దగ్గర కాలు దానంతటదే లేచింది. చీకటి. వెనక ఊపిరి. సరే, ఇదొక్కటి అనుకుంది. తర్వాతది కూడా ఇదొక్కటే అయింది. సాయంత్రానికి తొట్టిలో ముంచితే మళ్ళీ బుడగలు, ఈసారి పదకొండు. తొట్టి అంచుమీద కూర్చుని, తడిచేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ బుడగల వంక చూస్తూ ఉండిపోయింది.

గురువారం టోపీ తీసేసరికి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. గోడ పట్టుకుని, చెప్పుల్లేకుండా. షెడ్డులోకి ఆవిడ ఎప్పుడూ వచ్చేది కాదు.

"అటు చూడకండి అత్తయ్యా, కళ్ళకు మంచిది కాదు."

"ఇంకేం మిగిలాయే చెడటానికి?" అంటూ అత్తగారు కాలితో తడుముకుంటూ వచ్చి, స్టూలు చేతికి తగలగానే దానిమీద కూర్చుంది. ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోరు.

"రెండ్రోజులుగా కిటికీలోంచి వింటున్నా," అంది అత్తగారు. "జుయ్యిమంటావు, ఠక్కున ఆపుతావు. జుయ్యిమంటావు, ఆపుతావు. ఎందుకలా?"

"ఆయన అలాగే కదా అత్తయ్యా వేసేది."

"వాడు దగ్గొచ్చి ఆపేవాడు. నీకేం రోగం?"

ఆమె చేతిలోని టార్చి బల్లమీద పెట్టింది. పెట్టిన చప్పుడు తనకే పెద్దగా వినిపించింది.

"మీకు తెలుసా?"

"మోత ఒకచోటినుంచి, దగ్గు ఇంకోచోటినుంచి. రెండూ ఒకడివే ఎలా అవుతాయే? నేను గుడ్డిదాన్ని గానీ తెలివితక్కువదాన్ని కాను." అత్తగారు చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాలుగేళ్ళు మీరిద్దరూ నా దగ్గర దాస్తుంటే పోనీలే, సరదా పడుతున్నారు అనుకున్నా."

ఆమెకు అనడానికి నాలుగేళ్ళనాటివి చాలా ఉన్నాయి. ఏది ముందు తీయాలో తెలియలేదు.

"చిన్నప్పటినుంచీ వాడికి తన దగ్గంటే సిగ్గు," అంది అత్తగారు. "బళ్ళో కూడా లేచి బయటికెళ్ళి దగ్గి వచ్చేవాడట. పంతులమ్మ వీడు అల్లరిచిల్లరగా తిరుగుతున్నాడని నాకు కబురుపెట్టింది. పెళ్ళిచూపుల్లో నీ ఎదురుగా అరగంట దగ్గు బిగబట్టుకుని కూర్చుని, ఇంటికొచ్చి గంటసేపు దగ్గాడు. అలాంటివాడి దగ్గును నువ్వు లోహంలో పోతపోసి ఊరూరా పంచిపెట్టావు."

"నేను ఆయన పేరు నిలబెడదామనే..."

"తెలుసు. తిట్టడానికి రాలేదు."

కిటికీ రేకు గాలికి ఒకసారి కొట్టుకుంది.

"ఆపినప్పుడల్లా వెనక ఉంటారు అత్తయ్యా," అందామె చాలా తగ్గుస్వరంతో. "వినిపిస్తుంది. అందుకే చెయ్యి ముందుకు పోదు."

అత్తగారు పిచ్చిదానా అంటుందనుకుంది. నిద్ర చాలడంలేదు నీకు, అంటుందనుకుంది.

"నాకూ వినిపిస్తుంది," అంది అత్తగారు. "బిగబట్టుకునే ఉంటాడు. ఇంకా అక్కడ కూర్చోబెట్టి వాడి చేత ఎన్నాళ్ళు బిగబట్టిస్తావే? పొమ్మను. పోయి బయటెక్కడో హాయిగా దగ్గుకుంటాడు."

ఆమె పెట్టె చుట్టూ పడిన ముడులన్నీ ఆకురాయితో అరగదీసింది. కారనివాటిని కూడా. రవ్వలు లోపలికి పోకుండా గుడ్డలు కుక్కి, తీసి, దులిపి, మళ్ళీ తోమి, మళ్ళీ కాచింది. అత్తగారు కదలలేదు. కొంగు కళ్ళకడ్డంగా పెట్టుకుని, "ఇక కానియ్యి," అంది.

పెడల్ నొక్కింది. వెలుగు. మెరిసే గుంట. చుక్క, జరుపు. మూడో అంగుళం దగ్గర మడమ లేవబోయింది. దాన్ని నేలకేసి ఒత్తిపెట్టింది. నాలుగో అంగుళం. ఆ మోతలోనే, వెలుగులోనే, వెనకనుంచి ఊపిరి వినిపించింది. ఎప్పుడూ చీకట్లోనే వినిపించేది, ఇప్పుడు వెలుగులోకి వచ్చేసింది. ఐదు. చెమట జేబురుమాల్లోకి ఇంకి, అక్కడినుంచి కంట్లోకి దిగింది. కన్ను మూయలేదు. ఆరు, ఏడు. ఎనిమిదో అంగుళమో తొమ్మిదో, ఆ ఊపిరి ఒక్కసారి గట్టిగా తెగి, దగ్గులాంటిదే ఏదో పగిలి, దూరమవుతూ దూరమవుతూ కిటికీ అవతలికి వెళ్ళినట్టయింది. పెట్టె చివరికొచ్చింది. కాలి ఒత్తు మెల్లగా, పాలకింద మంట తగ్గించినట్టు మెల్లగా తగ్గిస్తూ, చివరి చుక్క నింపి ఆపింది.

టోపీలో చీకటి. ఒట్టి చీకటి.

"అయిందా?" అంది అత్తగారు స్టూలు మీదనుంచి.

"ఒక పక్కే అత్తయ్యా. ఇంకా మూడు పక్కలున్నాయి."

"అయితే నా నడుముకేదైనా దిండు పడెయ్యి."

శుక్రవారం తొట్టిలో నీళ్ళు నిండా పోసి ముంచి, గాలి కొట్టి, అరగంట కూర్చుంది. ఒక్క బుడగ లేదు. మంచి పని చేసినప్పుడు మనిషికి సంతోషం కలగాలి. ఆమెకు ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించి, తొట్టిలోని నీళ్ళు పారబోసి, ఎందుకోగానీ తొట్టిని కూడా తోమింది.

శనివారం తానే ఆటోలో పెట్టుకుని బోల్టు వర్క్‌షాపుకు తీసుకెళ్ళింది. బోల్టు దుప్పటి విప్పి, ఒక పక్క చూశాడు, తిప్పి రెండో పక్క చూశాడు. తల ఒంటికి ఇంకా పెద్దదైపోయినట్టనిపించింది.

"ముడేది వదినా?"

"లేదు."

"లేదంటే? మాస్టారు ఇంకో గంటలో వస్తున్నాడు. ఏం చెప్పమంటారు నన్ను?"

"బిగించు ముందు."

గొణుక్కుంటూనే బిగించాడు. కొత్త రబ్బరు వాషర్లు, ఎనిమిది బోల్టులు, ముందువైపు తిరిగిన నోటికి గాలి గొట్టం. బోనెట్ దించితే ఎక్కడా తగలకుండా మూసుకుంది. మళ్ళీ ఎత్తి ఇంజను స్టార్ట్ చేశాడు. ఒకసారి ఊపిరి లాక్కున్నట్టు ఊగి, తర్వాత కుదురుగా, ఒకే గొంతుతో నిలబడింది.

అప్పుడే మాస్టారి పాత కారు వచ్చి గేటు బయట ఆగింది. మాస్టారు రిటైరై చాలాకాలమైనా సుద్దముక్క పట్టుకున్నట్టే రెండు వేళ్ళు దగ్గరగా పెట్టుకుని నడుస్తాడు. ఆమెకు నమస్కారం చేసి, ఇంజను మీదికి వంగి విన్నాడు. అతుకు పొడుగునా చూపు జరుపుతూ ఒక చివరనుంచి ఇంకో చివరికి వెళ్ళాడు. మళ్ళీ మొదటికొచ్చాడు.

"ముడి లేదేం?" అన్నాడు.

"మేస్త్రికి ఒంట్లో కాస్త నయమైంది సార్," అన్నాడు బోల్టు వెంటనే. "దగ్గు తగ్గిపోయింది."

ఆ మాటకు ఆమె బోల్టు వంక చూసింది. పాపం, ఇంతకన్నా మంచి అబద్ధం ఎవరికీ తట్టదు.

"ఆయన పోయారు మాస్టారూ," అంది. "ఐదు నెలలైంది."

బోల్టు చేతిలోని స్పానరుతో దేన్నో బిగిస్తున్నట్టు నటిస్తూ పక్కకు తిరిగాడు. మాస్టారు కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఐదు నెలలనూ లెక్కవేస్తున్నట్టు పెదవులు కదిలాయి. ఇంజను మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది. చివరికి బోల్టే చెయ్యిచాచి దాన్ని ఆపేశాడు.

"నాకెవరూ చెప్పలేదమ్మా," అన్నాడు మాస్టారు. "మరి ఇది ఎవరు వేశారు?"

"నేను."

ఆయన ఆమె చేతులవైపు చూశాడు. మర్యాదస్థుడు కనుక వెంటనే చూపు తిప్పుకుని, అతుకువైపు ఈసారి ఇంకా తీరిగ్గా చూశాడు. "బాగుంది," అన్నాడు. మెచ్చుకోలు కాదది, లెక్క సరిపోయిందని చెప్పినట్టు. తర్వాత ఇబ్బందిగా కదిలాడు.

"ఒకటి అడగొచ్చా? ఎలా అడగాలో తెలియక ఏడాదిగా ఊరుకున్నాను. పాత కారుకు ఆయన వేసిన అతుకు దగ్గర సన్నగా ఈల వస్తోంది. అంతటి పనివాడికి వంకపెట్టడమేమిటని చెప్పలేదు. ఆఖరి రోజుల్లో ఒంట్లో బాగాలేనప్పుడు వేసి ఉంటారు. ఎవరికైనా ఒక చోట చెయ్యి తప్పుతుంది. మీరు దాన్ని ఒకసారి చూసిపెడతారా?"

బోల్టు ఆమెకు మాత్రమే కనిపించేట్టు తల ఊపాడు. ఊఁ అనండి, అంతే, అంటున్నాయి కళ్ళు. నిజమే. ఊఁ అంటే చాలు. మంచి అతుకు ఆమెదిగా ఉంటుంది, కారే అతుకు చనిపోయినవాడి మీద ఉంటుంది. అడిగేవాడు లేడు, చెప్పడానికి ఆయన రాడు.

ఆమె గేటు బయటికి నడిచి పాత కారు బోనెట్ ఎత్తింది. "స్టార్ట్ చేయండి," అంది.

ఈల నిజంగానే ఉంది. మూసిన తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు, సన్నగా, తెగకుండా. తలవంచి, చెవితోనే వెతుక్కుంటూ వెళ్ళి రెండో ముడి దగ్గర ఆగింది. దానిమీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఈల ఆగిపోయింది. వేలికింద గాలి చిన్నగా లోపలికి లాగుతూ, చర్మాన్ని పట్టుకుని వదలనంటోంది. కాసేపు అలాగే ఉంచింది. మాస్టారు స్టీరింగు దగ్గరనుంచి తల బయటపెట్టి చూస్తున్నాడు. బోల్టు గేటు దగ్గరే నిలబడిపోయాడు.

వేలు తీసింది. ఈల మళ్ళీ మొదలైంది.

"ఇది ఆయన వేసింది కాదు మాస్టారూ," అంది ఆమె. "అప్పటికే ఆయన చేతులు వణికేవి. ఇది నేనే వేశాను. బండి ఇక్కడే ఉంచి వెళ్ళండి, విప్పి పట్టుకెళ్తాను."